సిబిల్ దెబ్బతిన్నాక మొదటి కారు: విశాఖలో లోన్ కోసం తిరిగే ముందు చేయాల్సిన పనులు

డిగ్రీ పట్టా చేతికొచ్చి, పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో, మధురవాడ ఐటీ కొండ మీదో ఉద్యోగం దొరికి ఏడాది నిండకముందే కారు మీదకి మనసు పోతుంది. కూర్మన్నపాలెంలో ఉంటూ రుషికొండలో ఉద్యోగం చేసేవాడికి అది షోకు కూడా కాదు, అవసరమే. చిక్కల్లా షోరూంలో పాన్ నంబరు కొట్టాక మొదలవుతుంది. సేల్స్ కుర్రాడి నవ్వు కాస్త సన్నబడుతుంది. "సార్, సిబిల్ కొంచెం తక్కువుంది, పర్లేదు, వేరే ఫైనాన్స్‌లో చేయించేద్దాం" అంటాడు. జేబుకి చిల్లు పడేది సరిగ్గా ఆ "వేరే ఫైనాన్స్" దగ్గరే.

నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా కడుతున్నామో చెప్పే మార్కు, అప్పుడు 618. పది నిమిషాల్లో అప్రూవల్ వచ్చింది కూడా. వడ్డీ ఎంతో అడిగితే "ఈఎంఐ చూడండి సార్, వడ్డీ ఎందుకు?" అన్నారు. సంతకం పెట్టకుండా బయటకొచ్చి, ఎనిమిది నెలలు ఆగి, సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఏ పని ముందు చేయాలో, ఏది వెనక చేయాలో తెలిసొచ్చింది. ఆ వరసలోనే చెబుతాను.

మొదటి పని: షోరూం గడప తొక్కకుండా రిపోర్టు తెప్పించుకోండి

మనం అందరం "సిబిల్" అనేస్తాం గానీ, మన అప్పుల చిట్టా రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీయకుండా మూణ్నెల్లకొకటి తీసుకుంటే ఏడాదంతా పైసా ఖర్చు లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

తగ్గేది అప్పు కోసం వేరేవాళ్లు చూసినప్పుడు. షోరూంలో ఫైనాన్స్ డెస్కు అబ్బాయి మీ పాన్‌ని ఒకేసారి నాలుగైదు కంపెనీలకి పంపుతాడు. ప్రతిదీ మీ రిపోర్టులో ఒక ఎంక్వైరీగా పడుతుంది. ఒక్క శనివారం నాలుగు షోరూంలు తిరిగితే పదిహేను పడొచ్చు. ఆ తర్వాత మీ ఫైలు చూసే బ్యాంకు మేనేజరుకి మీరు అప్పు కోసం ఊరంతా తిరుగుతున్న మనిషిలా కనిపిస్తారు. కాబట్టి కారు నడిపి చూడటానికి వెళ్లినా పాన్, ఆధార్ ఇవ్వకండి. టెస్ట్ డ్రైవ్‌కి డ్రైవింగ్ లైసెన్సు చాలు.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మర్యాదగా మాట్లాడతాయి. 650 దిగువన ఉంటే ప్రభుత్వ బ్యాంకులో పని కావడం కష్టం. స్కోరు ఉండాల్సిన చోట -1 అనో ఎన్‌హెచ్ అనో ఉంటే కంగారు పడొద్దు, అది చెడ్డ స్కోరు కాదు. ఇంతవరకూ అప్పే చేయలేదని అర్థం. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, 2025 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులోనూ ఆ మాటే అంది. మీది ఈ కేసయితే తర్వాతి భాగం వదిలేసి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకునే క్రెడిట్ కార్డు గురించి చెప్పిన చోటికి వెళ్లిపోండి.

దెబ్బ ఎక్కడ తగిలిందో పట్టుకోవడం

రిపోర్టులో పైనున్న మూడంకెలు చూసి మూసేయకండి. అసలు సంగతి కింద ఖాతాల పట్టికలో ఉంటుంది. నెలనెలా గళ్లుంటాయి, ఒక్కో గడిలో వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో రాసి ఉంటుంది. 000 అంటే టైముకి కట్టారు. 030, 060 కనిపిస్తే అక్కడ గాయం ఉన్నట్టు. 90 రోజులు దాటితే ఆ అప్పు మొండి బాకీ కింద లెక్క.

మన దగ్గర కొత్తగా చదువు ముగించిన పిల్లల్లో నేను ఎక్కువగా చూసిన గాయం ఎడ్యుకేషన్ లోన్. కోర్సు నడిచినన్నాళ్లూ, ఆ తర్వాత మామూలుగా మరో ఏడాదీ కట్టక్కర్లేదు. ఆ గడువు ఎప్పుడు తీరిందో ఎవరికీ గుర్తుండదు. బ్యాంకు ఉత్తరం పాత అడ్రసుకి వెళ్తుంది, మెసేజి కాలేజీ రోజుల్లో వాడి పారేసిన సిమ్‌కి వెళ్తుంది. నాకు అలాగే మూడు వాయిదాలు పోయాయి. ఇంకో బాధ ఏమిటంటే, ఆ లోన్‌లో నాన్నగారు కో-అప్లికెంట్, అంటే ఆ అప్పు ఆయన పేరు మీదా ఉంది. నేను ఎగ్గొట్టిన ప్రతి నెలా ఆయన రిపోర్టులోనూ పడింది. జీవితంలో ఒక్క రోజు బాకీ ఆపని మనిషి, నా వల్ల బ్యాంకు వాళ్ల చేత మాటపడ్డారు. కారు లోన్‌కి నాన్న సంతకం పెడతారులే అని ధీమాగా ఉన్నవాళ్లు ముందు ఆయన రిపోర్టు కూడా తీసి చూడండి.

రెండోది ఫోన్లు. "జీరో కాస్ట్ ఈఎంఐ" మీద తీసుకున్న ఫోనూ అప్పే, యాప్‌లో తీసుకున్న ఐదువేలూ అప్పే. అకౌంటు మార్చినప్పుడు పాత అకౌంటులో ఆటో డెబిట్ బౌన్స్ అయిన ఒక్క వాయిదా కూడా రిపోర్టుకి ఎక్కుతుంది.

ఇక మందు. ఆగిపోయిన వాయిదాలుంటే మొత్తం కట్టేయండి, సగం కాదు. బ్రాంచికి స్వయంగా వెళ్లి, బకాయి లెక్క కాగితం మీద తీసుకుని, కట్టిన రసీదు దాచుకోండి. రికవరీ వాళ్లు ఫోన్ చేసి "నలభై వేలకి ఇరవై కట్టండి, క్లోజ్ చేసేస్తాం" అంటే తొందరపడకండి. అలా తేల్చుకున్న ఖాతా రిపోర్టులో "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని వస్తుంది. ఆ ముద్ర ఏళ్ల తరబడి ఉంటుంది, బ్యాంకువాడికి అది సగం ఎగ్గొట్టారన్నట్టే కనిపిస్తుంది. ఇప్పటికే సెటిల్ చేసుకున్నవాళ్లు మిగతాది కడతామని బ్యాంకుని అడిగి, నో డ్యూస్ (బాకీ ఏమీ లేదన్న కాగితం) తీసుకుని, "క్లోజ్డ్"గా మార్పించుకోవచ్చు. ఒప్పుకున్న బ్యాంకులూ ఉన్నాయి.

మీది కాని అప్పు మీ పేరున కనిపిస్తే ఆ క్రెడిట్ సంస్థ వెబ్‌సైటులోనే డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు) పెట్టండి. ఖర్చేమీ ఉండదు. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.

ఎనిమిది నెలల మరమ్మతు

ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద క్రెడిట్ కార్డు అడగండి. హామీగా డిపాజిట్ ఉంది కాబట్టి స్కోరు సంగతి పెద్దగా పట్టించుకోరు. లిమిట్ డిపాజిట్‌కి కాస్త తక్కువగా ఇస్తారు. దాంట్లో మూడోవంతు కూడా దాటకుండా వాడండి. పెట్రోలూ, కరెంటు బిల్లూ చాలు. బిల్లు రాగానే పూర్తిగా కట్టేయండి. "మినిమమ్ డ్యూ" అని చిన్న అంకె ఒకటి చూపిస్తుంది, దాని జోలికి పోవద్దు.

2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం 15 రోజులకోసారి మన ఖాతాల సమాచారం క్రెడిట్ సంస్థలకి పంపాలి. కాబట్టి చేసిన మంచి పని ఇదివరకటి కంటే త్వరగా రిపోర్టుకి ఎక్కుతుంది. నాకు బకాయి తీర్చిన ఎనిమిదో నెలకి 618 కాస్తా 704 అయింది. అందరికీ అంతే వస్తుందని కాదు, ఎవరి గాయం వాళ్లది. డబ్బు తీసుకుని "నెలలో 800 చేస్తాం" అనేవాళ్లు మాత్రం మనం ఉచితంగా పెట్టుకోగల డిస్ప్యూట్‌నే పెడతారు.

ఆగడం వల్ల ఏమొస్తుందో అంకెల్లో చూడండి. ఐదు లక్షలు, ఐదేళ్లు. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి నెలకి సుమారు 10,500. పదిహేను శాతానికైతే 11,895. నెలకి తేడా 1,400 లోపే కాబట్టి షోరూంలో అది చిన్నగా కనిపిస్తుంది. ఐదేళ్లకి మాత్రం 83 వేలు దాటుతుంది.

ఎంత కారు కొనాలి

బ్యాంకు లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. చేతికొచ్చే జీతంలో అన్ని వాయిదాలూ కలిపి సగం దాటకపోతే చాలు అని చాలా బ్యాంకులు చూస్తాయి. ముప్ఫై వేలు జీతం, ఆరు వేలు ఎడ్యుకేషన్ లోన్ వాయిదా ఉన్నవాడికి ఆ లెక్కన ఇంకో తొమ్మిది వేల వాయిదా మోయొచ్చంటారు. కానీ రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి పాతిక రోజులు తిరిగితే వెయ్యి కిలోమీటర్లు. లీటరుకి 18 ఇచ్చే బండికి 55 లీటర్లు. వంద దాటిన పెట్రోలు ధరతో ఐదున్నర వేల పైమాటే. ఇన్సూరెన్సు, సర్వీసు, పార్కింగు ఇంకా కలపనేలేదు. అందుకే వాయిదా, పెట్రోలు రెండూ కలిపి జీతంలో మూడోవంతుకి కాస్త అటూ ఇటూగా ఉండాలన్నది నా లెక్క. ముప్ఫై వేల జీతానికి వాయిదా ఐదు, ఐదున్నర వేలు. అంతకు మించితే నెల చివర ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఈ లెక్కలో కొత్త కారు ఇమడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగిన మాట నిజమే. అయినా ఎక్స్-షోరూం ధర మీద లైఫ్ టాక్స్ ఒక్కటే పదోవంతు దాటుతుంది. ఆ పైన ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను. పాత బండికి ఆ లైఫ్ టాక్స్ మొదటి ఓనరు కట్టేసి ఉంటాడు, మనకి కలిసొచ్చేది అదే. బేరమాడేటప్పుడు అమ్మేవాడు తను కొన్న ధర చెబుతాడు. మీరు అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకి వస్తుందో చెప్పండి.

ఉదాహరణకి మూడున్నర లక్షల బండి. లక్షా నలభై వేలు మన డబ్బు, రెండు లక్షల పది వేలు లోన్, 14 శాతం వడ్డీ. నాలుగేళ్లకి పెట్టుకుంటే నెలకి 5,740, మొత్తం వడ్డీ 65 వేలు. మూడేళ్లకైతే 7,180, వడ్డీ 48 వేలు. నేను నాలుగేళ్లకే వెళ్లాను. బోనస్ వచ్చినప్పుడు అసలులోకి కట్టాను.

డౌన్‌పేమెంట్ ఎక్కడి నుంచి

స్కోరు తక్కువున్నవాడికి డౌన్‌పేమెంటే వకీలు. పదిశాతం చేతిలో పెట్టుకుని వెళ్లినప్పుడు కుదరదన్న ఫైలే, నలభై శాతంతో వెళ్తే కదులుతుంది. బండి లాక్కుని అమ్మినా నష్టం రాదని ఫైనాన్స్ వాళ్లకి తెలుస్తుంది కాబట్టి.

మన ఇళ్లలో దీనికి పాత దారులు రెండున్నాయి. ఒకటి చిట్టీ. రిజిస్టరైన చిట్టీ అయితేనే వేయండి. వీధిలో ఎవరో ఆంటీ నడిపే చిట్టీలో ఏడాది కష్టం పోగొట్టుకున్నవాళ్లు గాజువాకలో వీధికొకరుంటారు. పాడుకునే తొందర లేకుండా చివరిదాకా ఆగితే డివిడెండు మిగులుతుంది.

రెండోది అమ్మ బంగారం. బంగారం లోన్‌కి స్కోరుతో పెద్దగా పని లేదు, వడ్డీ కూడా చెడ్డ స్కోరు మీద వచ్చే పాత కారు లోన్ కంటే బ్యాంకులో తక్కువే ఉంటుంది. లెక్క ప్రకారం చూస్తే మొత్తం బండినే బంగారం మీద కొనడం లాభం. కానీ కారు పాతబడేది, గాజులు అలా కావు. కట్టలేకపోతే పోయేది మీ వస్తువు కాదు, అమ్మది. ఏడాదిలో విడిపించగలిగినంతే పెట్టండి. నేనైతే అడగలేదు. అమ్మే ఇస్తానంది, వద్దన్నాను.

డౌన్‌పేమెంట్ కోసం యాప్‌లో పర్సనల్ లోన్ తీయడం మాత్రం గోతిలోంచి నూతిలోకి దూకడమే.

ఎవరిని అడగాలి, ఏ వరసలో

ముందు మీ జీతం పడే బ్యాంకు. ఏడాదిగా జీతం ఎప్పుడు పడుతోందో, ఎంత మిగులుతోందో వాళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. యాప్‌లో అప్లై చేయకుండా బ్రాంచికి వెళ్లి, "వాయిదాలు ఇందుకు పోయాయి, ఇదిగో కట్టిన రసీదు" అని చెప్పండి. కంప్యూటరు వద్దన్నదాన్ని మనిషి ఒక్కోసారి మళ్లీ చూస్తాడు. ఇంట్లో స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో, డాక్‌యార్డులోనో పనిచేసే అమ్మానాన్నలుంటే, వాళ్ల జీతం పడే బ్రాంచిలో వాళ్లని కో-అప్లికెంటుగా పెట్టి అడగడం ఇంకా మేలు. ఉద్యోగుల సహకార సంఘం ఉంటే అదీ కనుక్కోవచ్చు. మావయ్యని ష్యూరిటీ పెట్టమని అడిగేముందు మాత్రం ఒక సంగతి ఆయనకి చెప్పండి. మీరు కట్టకపోతే కట్టాల్సింది ఆయనే, ఆయన స్కోరు కూడా పోతుంది.

బ్యాంకులు కాదన్నాకే ఫైనాన్స్ కంపెనీ. దానికి రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. షోరూం డెస్కు అన్నిటికంటే చివర. ఒక చోట జవాబు వచ్చేదాకా రెండో చోట అడగకండి.

సంతకం పెట్టే ముందు

2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ లోన్‌కీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇచ్చి తీరాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజూ, మిగతా చార్జీలూ వడ్డీతో కలిపి అసలు ఖరీదు అదే. రెండు లోన్లు పోల్చాల్సింది ఆ అంకెతోనే, ఈఎంఐతో కాదు.

పాత బండ్ల ఫైనాన్స్‌లో ఎక్కువగా వినపడే మాట "ఫ్లాట్". "పది శాతమే సార్, ఫ్లాట్" అంటారు. మూడు లక్షలకి ఐదేళ్లు పది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ లక్షన్నర, నెలకి 7,500. మీరు అసలు తీరుస్తూ పోతున్నా మొదటి రోజు బాకీ మీదే చివరిదాకా వడ్డీ వేస్తున్నారన్నమాట. మామూలు లెక్కలో అది 17 శాతం పైనే. ఫ్లాట్ అన్న మాట వినపడితే లేచి రావడం మంచిది.

ముందుగా తీర్చేస్తే ఎంత కోత వేస్తారో కూడా అడగండి. ఫిక్స్‌డ్ వడ్డీ కారు లోన్లలో ఇది బాధిస్తుంది. లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్సు మీ ఇష్టం, తప్పనిసరి కాదు.

విశాఖలో పాత బండి చూసే పద్ధతి

ఆటోనగర్‌లో నమ్మకమున్న మెకానిక్‌ని వెంటబెట్టుకు వెళ్లండి. నాతో వచ్చినాయన బానెట్ ఎత్తకుండా నేరుగా బండి కింద దూరాడు. "సముద్రం పక్క బండి బాబూ, కింద నుంచి సూడాలి" అన్నాడు. బీచ్ రోడ్డు, ఎంవీపీ, రుషికొండ వైపు బయట పార్క్ చేసిన బండ్లకి ఉప్పుగాలి అడుగునుంచి తింటుంది. పైన పెయింటు తళతళలాడుతున్నా సైలెన్సరు పైపు, తలుపుల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ కింద చోటు చూడండి. కార్పెట్ ఎత్తితే తేమ వాసన వస్తే నీళ్లలో మునిగిన బండేమో అనుమానించాలి.

ఊళ్లో ఇంకో ఊరింపు "నేవీ వాళ్ల బండి". బదిలీ మీద వెళ్లిపోతూ తక్కువకి ఇచ్చేస్తారు, బండి కూడా శుభ్రంగా ఉంటుంది. కానీ ఢిల్లీ, కేరళ, మహారాష్ట్ర నంబరు ఉంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. తక్కువకి వచ్చిందనుకున్నది అక్కడ సరిపోతుంది. పైగా వేరే రాష్ట్రం బండికి లోన్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. ఏపీ 31, ఏపీ 39 నంబర్లతోనే వెతుక్కుంటే టెన్షన్ తక్కువ.

పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి ఓనరు పేరు, పాత ఫైనాన్స్, ఇన్సూరెన్సు గడువు, చలానాలు చూడండి. ఆర్‌సీలో ఇంకా పాత హైపోథికేషన్ (బండి మీద అప్పుందన్న నమోదు) ఉంటే అది తీసేదాకా అడ్వాన్సు దాటి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. పేరు మార్పిడికి ఫారం 29, 30. మీ లోన్ ఎక్కించడానికి ఫారం 34. "తర్వాత మార్చుకుందురు" అనే బ్రోకరు మాట వినకండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరుకి మారాలి. లేకపోతే గుద్దిన రోజు మీ బండి రిపేరుకి క్లెయిము రాదు.

కిస్తీ మొదలయ్యాక

వాయిదా తేదీ జీతం పడిన మూడో రోజుకో నాలుగో రోజుకో పెట్టించుకోండి. రెండు వాయిదాల డబ్బు ఆ అకౌంటులో ముట్టుకోకుండా ఉంచండి. ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగోకపోయినా వాయిదా తప్పకముందే ఫైనాన్స్ వాళ్లకి ఈమెయిల్ పెట్టండి. తప్పాక చెప్పేది సాకులా వినపడుతుంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బెదిరించకూడదు. చేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో, ఖర్చు లేకుండా పెట్టొచ్చు.

ఆఖరి వాయిదా కట్టిన రోజు చాలామంది స్వీటు పంచి మర్చిపోయే పని ఒకటుంది. ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, సంతకాలతో ఫారం 35 తీసుకుని, ఆర్‌సీలో వాళ్ల పేరు కొట్టివేయించాలి. ఎన్‌ఓసీకి గడువుంటుంది కాబట్టి వెంటనే చేయాలి. నెల తర్వాత రిపోర్టు తీసి ఆ ఖాతా ఎదురుగా "క్లోజ్డ్" అని పడిందో లేదో చూసుకోండి. నాన్నగారు కో-అప్లికెంటయితే ఆయన రిపోర్టులో కూడా.